జ్వాల కన్నా ముందే ప్రోటాన్లు: 2024 మే 11 డేటాపై ఒక కేస్ స్టడీ

కేసు ఇది. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది చదివే ఇద్దరు విద్యార్థులు ప్రాజెక్టు కోసం 2024 మే 11 నాటి సౌర ప్రోటాన్ల సంఘటన తీసుకున్నారు. గైడ్‌ని నేను. నా రోజువారీ పని న్యూక్లియర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకోవడం: డిటెక్టర్లు, ప్రీఆంప్లిఫయర్లు, వాటి నాయిస్‌తో నిత్యం తగువు. సూర్యుడి మీద నాకు ఆసక్తి ఉన్నా, అక్కడి కణాలను నేను చూసేది డిటెక్టర్ వైపు నుంచే. ఈ కేసు తేలింది కూడా ఆ వైపు నుంచే.

పిల్లలు మూడు గ్రాఫులు ఒకదాని కింద ఒకటి పెట్టి తెచ్చారు. పైన అమెరికా వాతావరణ ఉపగ్రహం గోస్ కొలిచిన ఎక్స్‌రే. మధ్యలో అదే గోస్ ఇచ్చిన ప్రోటాన్ ఫ్లక్స్, అంటే ప్రోటాన్లు వచ్చే జోరు. అడుగున, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 బిందువు (సూర్యుడి, భూమి ఆకర్షణలు సర్దుకునే చోటు) దగ్గరుండి సూర్యుణ్ణి చూసే సోహో నౌక మీద, కణాలను లెక్కించే ఎఫిన్ పరికరం డేటా. ఎక్స్‌రే గ్రాఫులో 01:23 యూటీకి (ప్రపంచ ప్రామాణిక సమయం), అంటే మన టైం ప్రకారం ఉదయం 6:53కి, ఎక్స్5.8 తరగతి సౌర జ్వాల (ఫ్లేర్) నిటారుగా లేచింది. ఎక్స్ అంటే జ్వాలల్లో అన్నిటికన్నా బలమైన తరగతి. ప్రోటాన్ల గీత మాత్రం అంతకు ముందే పైన ఉంది. పైగా గోస్ గీతకూ సోహో గీతకూ పొంతన లేదు.

"ఏంది సార్ ఇది, జ్వాల రాకముందే ప్రోటాన్లు వచ్చేసినాయి. డేటా తప్పా?"

డేటా తప్పు కాదు. అడిగిన ప్రశ్న కూడా మంచిదే. జవాబు ఒకటి కాదు, మూడు ఉన్నాయి.

లెక్క ప్రకారం ఎప్పుడు రావాలి

ముందు కాగితం మీద లెక్క వేయించాను. సూర్యుడి నుంచి బయల్దేరిన ప్రోటాన్ తిన్నగా రాదు. సౌర గాలి లాక్కొచ్చిన అయస్కాంత క్షేత్ర రేఖ వెంట, వంపు తిరిగిన దారిలో వస్తుంది. సౌర గాలి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో మామూలుగా వీస్తుంటే ఆ దారి పొడవు 1.2 ఏయూ దాకా ఉంటుంది. ఏయూ అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం, కాంతికి 8 నిమిషాల 20 సెకన్ల ప్రయాణం.

100 ఎంఈవీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు, కణం శక్తికి కొలత) ప్రోటాన్ కాంతి వేగంలో 43 శాతం వేగంతో వస్తుంది, అంటే సుమారు 23 నిమిషాలు. 10 ఎంఈవీ ప్రోటాన్‌కి 69 నిమిషాలు. 1 ఎంఈవీ ప్రోటాన్‌కి మూడున్నర గంటల పైనే. అదే 1 ఎంఈవీ ఎలక్ట్రాన్ అయితే తేలికపాటిది కాబట్టి పదకొండు నిమిషాల లోపే దిగుతుంది. (ఎలక్ట్రాన్లు ముందొస్తాయన్న ఈ సంగతినే ఆధారం చేసుకుని, ఎఫిన్ ఎలక్ట్రాన్ల లెక్కతో ప్రోటాన్ తుఫానును గంట ముందు దాకా పసిగట్టే పద్ధతి ఒకటి ఉంది. వ్యోమగాములకు గంట అంటే చాలా ఎక్కువ.)

జ్వాల వెలుగు మనకు కనిపించేసరికే 8 నిమిషాలు గడిచి ఉంటాయి కాబట్టి వాటిని తీసేయాలి. కణాలు సరిగ్గా జ్వాల శిఖరం దగ్గరే బయల్దేరాయని అనుకుంటే 100 ఎంఈవీవి 01:38 ప్రాంతంలో, 10 ఎంఈవీవి 02:24 ప్రాంతంలో కనిపించాలి. అసలు సంఘటనలో బయల్దేరే వేళ కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ 01:23కి ముందు మాత్రం కుదరదు.

నేల మీద నిజంగా ఏం జరిగిందంటే, ధ్రువ ప్రాంతాల న్యూట్రాన్ మానిటర్లలో (అంతరిక్ష కణాలు గాలిని ఢీకొంటే పుట్టే న్యూట్రాన్లను నేల మీద లెక్కించే పరికరాలు) 02:00 యూటీ ప్రాంతంలో పెరుగుదల మొదలైంది. ఇలా నేలమట్టంలో కూడా కనిపించే సౌర కణాల సంఘటనలను జీఎల్ఈ అంటారు. 1942 ఫిబ్రవరి 28న మొదటిది నమోదైంది, దాన్ని వెలికితీసినవాడు అమెరికన్ శాస్త్రవేత్త స్కాట్ ఫోర్బుష్. మే 11ది ఆ వరసలో 74వది. కాబట్టి అధిక శక్తి కణాలు జ్వాల తర్వాతే వచ్చాయి, అందులో అనుమానం లేదు. తక్కువ శక్తి చానళ్ళలో (కణాలను శక్తిని బట్టి విడదీసి లెక్కించే అరలు) గీత ముందే ఎందుకు పైనుంది అన్నదే ప్రశ్న.

"మన బిల్డింగు మీద గైగర్ కౌంటర్ పెడితే దొరికేవా సార్?" అని ఇద్దరిలో అబ్బాయి అడిగాడు. దొరకవు. భూ అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర గట్టి గోడ. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాల దగ్గర ఆ గోడ ఎత్తు 17 జీవీ (గిగావోల్ట్‌లు). అంటే ప్రోటాన్‌కి 16 జీఈవీ, పదహారు వేల ఎంఈవీల శక్తి ఉంటే తప్ప అది దిగదు. మన తిరుపతి పరిస్థితీ దాదాపు అంతే. సూర్యుడు అంత శక్తితో ప్రోటాన్లను విసరడం బహు అరుదు. గాదంకి రాడార్ మన పక్కనే ఉన్నా అది చూసేది గాలినీ అయనోస్ఫియర్‌నూ, ఈ ప్రోటాన్లను కాదు. వీటిని కొలవాలంటే పరికరం ఆ గోడ బయటికి వెళ్ళి తీరాలి. శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది కాబట్టి వెళ్ళే దారి మాత్రం దగ్గర.

మొదటి కారణం: నిన్నటి కణాలు

ఇది తేలికగా తేలింది. ఏఆర్13664 అనే మచ్చల గుంపు మే 8 నుంచే వరసగా ప్లాస్మా మేఘాలను భూమి వైపు విసురుతూ ఉంది. మే 10న 06:54 యూటీకి ఎక్స్3.9 జ్వాల వచ్చింది, ఆ రోజే 10 ఎంఈవీ పైబడిన ప్రోటాన్లు హెచ్చరిక గీత దాటాయి. ఆ గీత అంటే చదరపు సెంటీమీటరుకు, సెకనుకు, స్టెరేడియన్‌కు (ఘనకోణం కొలత) 10 ప్రోటాన్లు; అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం వాడే ఎస్1 స్థాయి. మన టైం రాత్రి పదిన్నర ప్రాంతంలో మేఘాల ముందున్న షాక్ (అఘాత తరంగం) భూమిని తాకింది. జీ5, అంటే అత్యధిక స్థాయి అయస్కాంత తుఫాను అది, లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడి ఫోటోలకెక్కింది. తిరుపతిలో ఆ రెండు రోజులూ ఎన్నికల ప్రచారం ఆఖరి ఊపులో ఉంది, ఆకాశం సంగతి ఎవరికీ పట్టలేదు.

షాక్ ఉత్తినే రాదు. దారిలో కణాలను తోసి, వేగం పెంచి, తన వెంట తెస్తుంది. కొద్ది ఎంఈవీల చానళ్ళలో ఫ్లక్స్ పెంచేది చాలావరకు ఇదే. కాబట్టి మే 11 ఉదయం జ్వాల వచ్చేసరికి తక్కువ శక్తి చానళ్ళు ఖాళీగా లేవు. మొదటి జ్వాల కణాలు, షాక్ కణాలు కలిసి అప్పటికే అక్కడ నిండి ఉన్నాయి. కొత్త కణాలు ఆ గుట్ట మీద పడ్డాయి. 100 ఎంఈవీ పైబడిన చానల్‌లో మాత్రం నిన్నటివి దాదాపు లేవు, అందుకే ఆ గీత శుభ్రంగా, సమయానికే లేచింది.

న్యూట్రాన్ మానిటర్లలో ఇంకో తమాషా. షాక్ వెంట వచ్చిన మేఘం గెలాక్సీ నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను అడ్డుకోవడంతో వాటి లెక్క అప్పటికే బాగా పడిపోయి ఉంది. దాన్నే ఫోర్బుష్ తగ్గుదల అంటారు, అదే ఫోర్బుష్ పేరు మీద. ఉపగ్రహంలో పెరుగుదల గుట్ట మీంచి మొదలైతే, నేల మీద గుంటలోంచి మొదలైంది. ఒకే కణాల గుంపు.

రెండో కారణం: బెంచి మీద తేలింది

బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా ఒక చిక్కు మిగిలింది. తక్కువ శక్తి చానళ్ళలో కొత్త పెరుగుదల రావాల్సిన టైం కన్నా ముందే మొదలవుతోంది, దాదాపు అధిక శక్తి చానళ్ళతో పాటే. ఇది సూర్యుడి పని కాదని నాకు చూడగానే అనిపించింది, ఎందుకంటే ఈ జబ్బు నా ల్యాబ్‌లో రోజూ కనిపించేదే. మాటలతో చెబితే నమ్మరని బెంచి దగ్గరికి తీసుకెళ్ళాను.

0.3 మిల్లీమీటర్ల మందం ఉన్న సిలికాన్ డిటెక్టర్. వాక్యూమ్ డబ్బాలో దాని ముందు అమెరీషియం-241 సోర్స్. దాని ఆల్ఫా కణం శక్తి 5.486 ఎంఈవీ. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్-హోల్ జంట (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) పుట్టడానికి సుమారు 3.6 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు కావాలి. అంటే ఒక ఆల్ఫా ఆగిపోతే పదిహేను లక్షల జంటలు, ఒక కూలూంబ్‌లో నాలుగు లక్షల కోట్లో వంతు చార్జి. స్క్రీన్ మీద ఆల్ఫా శిఖరం నిటారుగా, సన్నగా నిలబడింది. ఆల్ఫా సిలికాన్‌లో ఆగిపోతుంది, ఉన్న శక్తంతా అక్కడే ఇచ్చేస్తుంది. ఇక్కడిదాకా డిటెక్టర్ చెప్పేది నిజం.

తర్వాత అమెరీషియం తీసి స్ట్రాన్షియం-90 పెట్టాం. దాని నుంచి, అది క్షయమై పుట్టే యిట్రియం-90 నుంచి 2.28 ఎంఈవీ దాకా ఎలక్ట్రాన్లు వస్తాయి. స్క్రీన్ మీద శిఖరం రెండు ఎంఈవీల దగ్గర రాలేదు. గుట్టంతా ఎడమ పక్కన, 0.1 ఎంఈవీ ప్రాంతంలో పోగైంది. అమ్మాయి స్కేలు మార్చి చూసింది, కేబుల్ చూసింది, గెయిన్ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ ఎలక్ట్రాన్లు ఆగలేదు, అంతే. 0.3 మిల్లీమీటర్ల సిలికాన్‌లోంచి దూసుకుపోతూ దారి ఖర్చుగా 0.1 ఎంఈవీ వదిలి వెళ్ళాయి. డిటెక్టర్‌కి తెలిసేది ఆ దారి ఖర్చు మాత్రమే.

ఇదే లెక్క ప్రోటాన్లకు వేయండి. 100 ఎంఈవీ ప్రోటాన్ ఇంత మందం సిలికాన్‌లోంచి దూసుకుపోతే అందులో వదిలేది సుమారు 0.4 ఎంఈవీ. 0.4 ఎంఈవీ ప్రోటాన్ ఒకటి అదే డిటెక్టర్‌లో ఆగిపోతే వదిలేదీ 0.4 ఎంఈవీయే. పల్స్ ఎత్తు రెండింటికీ ఒకటే. ఒంటరి డిటెక్టర్ ఈ రెండింటినీ విడదీయలేదు. మే 11న అందరికన్నా ముందు వచ్చిన 100 ఎంఈవీ ప్రోటాన్లలో కొన్ని తక్కువ శక్తి చానళ్ళలో పడ్డాయి. ఆ చానల్‌లో గీత ముందుగా లేచింది. చదివేవాడికి తక్కువ శక్తి కణాలే తొందరపడి వచ్చినట్టు కనిపించింది.

అంతరిక్షంలో దీనికి విరుగుడు ఏమిటంటే డిటెక్టర్లను ఒకదాని వెనుక ఒకటి పేర్చడం. ముందు పలకలో కణం ఎంత పోగొట్టుకుంది, చివర ఎక్కడ ఆగింది అన్న రెండూ కలిపి చూస్తే కణమేదో, శక్తెంతో రెండూ తెలుస్తాయి. 10 ఎంఈవీ ప్రోటాన్ సిలికాన్‌లో ఆగడానికి 0.7 మిల్లీమీటర్లు చాలు, 30 ఎంఈవీకి 5 మిల్లీమీటర్ల దాకా కావాలి. పక్కల నుంచి దూరేవాటిని పట్టడానికి చుట్టూ ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే పదార్థం) తొడుగు వేస్తారు. అది మెరిసిందంటే ఆ సంఘటనను లెక్కలోంచి కొట్టేస్తారు. ఎఫిన్‌లో ఉన్నది సరిగ్గా ఇదే, ఆరు సిలికాన్ డిటెక్టర్లు, చుట్టూ తొడుగు. 1995 డిసెంబర్‌లో వెళ్ళిన నౌకలో 2024లో కూడా పనిచేస్తూనే ఉంది. అప్పటికి దాని డిటెక్టర్లు అన్నీ మొదటి రోజున్నంత ఆరోగ్యంగా లేవు, డేటాతో పాటు ఇచ్చే నోట్స్ చదవకుండా వాడితే చిక్కే. ఏ పరికరమైనా ఇంతే. పిల్లలు మొదట డేటా ఫైలు దింపుకుంటారు, నోట్స్ ఆఖర్న చదువుతారు.

తొడుగు ఉన్నా లీకేజీ, అంటే ఎక్కువ శక్తి కణం తక్కువ శక్తి చానల్‌లో పడడం, పూర్తిగా పోదు. మరీ పెద్ద తుఫానులో తొడుగే ఎడతెగకుండా మెరుస్తూ ఉంటుంది, అప్పుడు మంచి సంఘటనలు కూడా కొట్టివేతలో పోతాయి. దానికి తోడు డెడ్ టైం. ఒక పల్స్‌ను తేల్చడానికి ఎలక్ట్రానిక్స్‌కి 10 మైక్రోసెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు లక్ష కణాలు వస్తుంటే లెక్కలోకి వచ్చేవి యాభై వేలే, సగానికి సగం. గ్రాఫు తల చదునుగా కనిపిస్తే సూర్యుడు శాంతించాడని రాసేముందు డెడ్ టైం దిద్దారో లేదో చూడాలి. సోర్స్‌ను డిటెక్టర్‌కి దగ్గరగా జరుపుతూ పోయి ఇది కూడా చూపించాను. ఒక దశ తర్వాత పల్స్ మీద పల్స్ ఎక్కి, శిఖరానికి కుడి పక్కన లేని శక్తుల దగ్గర కూడా లెక్కలు పుట్టుకొచ్చాయి.

మూడో కారణం: గోస్ ఎక్కడుంది, ఎటు చూస్తోంది

గోస్ భూస్థిర కక్ష్యలో ఉంటుంది. మామూలు రోజుల్లో అది భూ అయస్కాంత క్షేత్రం లోపలే. సోహో పూర్తిగా బయట. ఇద్దరి గీతలూ ఒకటిగా ఉండాలని అనుకోవడానికే ఆధారం లేదు.

ఇందులో నాకు భలే నచ్చే విషయం ఒకటి ఉంది. గోస్ మీది ప్రోటాన్ పరికరాలు రెండు, ఒకటి తూర్పు వైపు, ఇంకోటి పడమర వైపు చూస్తాయి. ఒకే ఉపగ్రహం, ఒకే రకం పరికరం, అయినా లెక్కలు తేడా. 10 ఎంఈవీ ప్రోటాన్ 100 నానోటెస్లా క్షేత్రంలో తిరిగే చుట్టు వ్యాసార్థం నాలుగున్నర వేల కిలోమీటర్లు. పడమర చూసే పరికరంలోకి దూరే ప్రోటాన్ తూర్పుకు పోతూ ఉంటుంది, దాని చుట్టు కేంద్రం కక్ష్యకు బయటి పక్కన ఉంటుంది. తూర్పు చూసే దాంట్లోకి వచ్చేదాని కేంద్రం లోపలి పక్కన, భూమికి దగ్గరగా ఉంటుంది. లోపలికి చేరడం కష్టం కాబట్టి తూర్పు పరికరం తక్కువ లెక్కిస్తుంది. బోర్డు మీద కుడిచేతి నియమంతో బొమ్మ గీయిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏ పరికరం డేటా వాడారో రాయకుండా "గోస్ ప్రోటాన్లు" అని రాయడం అరకొర పని.

మే 10 రాత్రి మాత్రం మామూలు రోజు కాదు. షాక్ దెబ్బకు అయస్కాంత కవచం సరిహద్దే భూస్థిర కక్ష్య లోపలికి నెట్టుకుపోయింది. కవచం అంతగా నలిగినప్పుడు ప్రోటాన్లు లోపలికి ఇంకా తేలికగా చొరబడతాయి, తూర్పు పడమరల తేడా కుంచించుకుపోతుంది. గోస్, సోహో గీతలు కొన్ని గంటలు దగ్గరపడి మళ్ళీ విడిపోవడానికి సూర్యుడి ప్రమేయం అక్కర్లేదు.

దారి పొడవు లెక్క, దాన్ని ఎందుకు పక్కన పెట్టాం

ప్రాజెక్టు సారాంశంలో పిల్లలు రాసుకున్న అసలు లక్ష్యం వేగభేద విశ్లేషణ. అలిపిరి దగ్గర ఒకేసారి బయల్దేరిన వాళ్ళలో కొందరు బస్సులో, కొందరు నడిచి కొండెక్కితే, పైన ఎవరెప్పుడు చేరారో చూసి బయల్దేరిన వేళ కట్టొచ్చు కదా, అలాంటిది. కానీ బస్సు ఘాట్ రోడ్డులో పోతుంది, నడిచేవాళ్ళు మెట్లెక్కుతారు. అందరిదీ ఒకే దారి అనుకుని లెక్క కడితే లెక్క తప్పుతుంది. కణాల విషయంలోనూ ఈ పద్ధతి ఒకేసారి బయల్దేరడాన్నీ, ఒకే దారినీ, దారిలో ఎక్కడా చెదరకపోవడాన్నీ ముందే ఒప్పేసుకుంటుంది. చేరిన వేళను వేగపు విలోమంతో గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలు దారి పొడవు.

వాళ్ళకు వచ్చిన పొడవు 1 ఏయూ కన్నా తక్కువ. తిన్నని దారి కన్నా పొట్టి దారి ఉండదు. తక్కువ శక్తి చానళ్ళలో రెండో కారణంలో చెప్పిన లీకేజీ వల్ల గీత ముందే లేస్తే, వాలు తగ్గి, పొడవు కుంగిపోతుంది. లీకేజీ ఎక్కువున్న చానళ్ళు తీసేస్తే పొడవు పెరిగింది కానీ మిగిలిన బిందువులు సరళరేఖకు సరిపోయినన్ని లేవు. పైగా ఆ ఉదయం దారి కూడా మామూలుది కాదు. సౌర గాలి వేగం సెకనుకు 700 కిలోమీటర్లు దాటింది, భూమి ప్లాస్మా మేఘం లోపల ఉంది. 400 వేగానికి భూమిని తాకే రేఖ సూర్యుడి మీద పడమటి 58 డిగ్రీల ప్రాంతంలో నాటుకుని ఉంటే, 700కి అది 33 డిగ్రీల దగ్గరికి జరుగుతుంది. మేఘం లోపల అయితే ఆ మెలికల దారికి ఈ సూత్రమే వర్తించదు. అందుకని పొడవు అంకె రిపోర్టులో ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో మాత్రం రెండు పేజీలు రాశారు. వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు ఆగింది ఆ పేజీల దగ్గరే.

ఆదిత్య డేటా సంగతి

ఆదిత్య-ఎల్1 ఎందుకు వాడలేదని చాలామంది అడిగారు. వాడాం, కానీ వేరే ప్రశ్నకు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్ళి, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలో చేరిన ఆ నౌకలో అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ) వాళ్ళ కణాల పరికరం ఆస్పెక్స్ ఉంది. అందులో ఒక భాగం స్టెప్స్. ఇది న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) 20 కేఈవీ (వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ) నుంచి 5 ఎంఈవీ దాకా అయాన్లను కొలుస్తుంది. 10 ఎంఈవీ ప్రోటాన్లు దాని పరిధిలో లేవు, జ్వాల కణాల మొదటి రాక కోసం దాన్ని అడగడం అన్యాయం. దాని బలం వేరే చోట ఉంది. ఆరు సెన్సర్లు ఆరు దిక్కులు చూస్తాయి: సూర్యుడి వైపు, ఆ వంపు రేఖ వైపు, రెండింటి మధ్య, భూమి వైపు, ఉత్తరం, దక్షిణం. షాక్ వచ్చినప్పుడు కణాలు ఒక పక్క నుంచే వచ్చాయా, అన్ని పక్కలా కమ్ముకున్నాయా అన్నది ఇలాంటి పరికరమే చెప్పగలదు. మొదటి కారణంలో చెప్పిన నిన్నటి గుట్ట, దాన్ని పోగేసిన షాక్, ఆ కథంతా స్టెప్స్ శక్తుల్లోనే నడిచింది.

తర్వాతి బ్యాచ్‌కి 2024 జూన్ 8 ఇచ్చాను. ఎం9.7 జ్వాల (ఎం అంటే ఎక్స్ కన్నా ఒక మెట్టు కింది తరగతి), అదే మచ్చల గుంపు సూర్యుడి వెనక్కి పోయి ఏఆర్13697 అనే కొత్త నంబరుతో తిరిగొచ్చి చేసింది, ప్రోటాన్లు ఎస్3 దాకా వెళ్ళాయి. గ్రాఫు గీసేముందు ప్రతి చానల్‌కీ అంతకు ముందు ఆరు గంటల లెవెల్ టేబుల్ వేయమన్నాను. ఆ టేబుల్ లేకుండా సరళరేఖ ఫిట్ చూపిస్తే చూడనని కూడా చెప్పాను. ఇప్పటికి టేబుల్ సగం అయింది.